గడ్డకట్టిన సరస్సులో బల్లెంతో చేపల వేట: గురి కంటే ముందు నేర్చుకోవలసింది ఏమిటి?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో విన్నెబేగో అనే పెద్ద సరస్సు ఉంది. ఏటా ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం 7 గంటలకు ఆ సరస్సుపై ఒక వింత నిశ్శబ్దం నెలకొంటుంది. గడ్డకట్టిన నీటిపై నిలిపిన చిన్న చిన్న గుడిసెలలో వేలమంది తలలు వంచి, మంచులో కోసిన రంధ్రంలోకి చూస్తూ కూర్చుంటారు. ప్రతి రంధ్రం పక్కనా ఒక బల్లెం ఉంటుంది. మధ్యాహ్నం 1 గంటకు ఆ రోజు వేట ముగుస్తుంది. సీజన్ మొత్తం ఇలా కూర్చున్నా చాలామందికి ఒక్క చేప కూడా కనిపించదు.

వాళ్లు ఎదురుచూసేది స్టర్జన్ అనే చేప కోసం. పొరుగున ఉన్న మిన్నెసోటాలోనూ, మిషిగన్‌లోనూ ఇదే పద్ధతిలో ఎక్కువగా నార్తర్న్ పైక్ అనే చేపను వేటాడతారు.

బల్లెంతో వేట అనగానే భుజబలం, వేగం, గురి గుర్తుకు వస్తాయి. నేర్చుకునేవారికి అనుభవజ్ఞులు మొదట చెప్పేది వాటి గురించి కాదు. గాలానికి పడిన చేప చిన్నదైతే ముల్లు తీసి నీటిలో వదిలేయవచ్చు. బల్లెం దిగిన చేపను వదలడానికి లేదు. అది ఏ జాతి చేప, పట్టదగిన పరిమాణంలో ఉందా, దెబ్బ సరైన చోట తగులుతుందా అనే మూడు ప్రశ్నలకూ జవాబు బల్లెం చేతిలో ఉండగానే తేలాలి. ఈ విద్యలోని మెళకువలన్నీ ఆ జవాబు కోసం ఏర్పడినవే.

గుడిసెలో చీకటి ఎందుకు?

ఈ గుడిసెను అక్కడివారు డార్క్ హౌస్ అంటారు. పేరుకు తగ్గట్టే లోపల కటిక చీకటి. గోడల సందుల నుంచి వెలుతురు రాకుండా, గుడిసె అడుగున చుట్టూ మంచు ఎగదోస్తారు. తలుపు మూసిన కొద్దిసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడతాయి. అప్పుడు కింద ఉన్న రంధ్రం దీపం పెట్టిన గాజు కిటికీలా వెలగడం మొదలవుతుంది.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆరుబయట నిలబడి చూస్తే ఆకాశపు వెలుగు నీటి ఉపరితలంపై ప్రతిఫలించి, లోపలి దృశ్యాన్ని కప్పేస్తుంది. గుడిసెలో ఆ ప్రతిఫలనం ఉండదు. అదే సమయంలో చుట్టుపక్కల మంచు పలకల గుండా పగటి వెలుతురు సరస్సులోకి దిగుతూనే ఉంటుంది. కాబట్టి నీరు వెలుగులోనూ, చూసేవారు చీకటిలోనూ ఉంటారు. చేపకు పైన ఎవరున్నారో తెలియదు.

ఈ ఉపాయం భారతదేశానికి కొత్తదేమీ కాదు. శ్రీనగర్ శివార్లలోని ఆంచార్ సరస్సులో చలికాలంలో కశ్మీరీ జాలరులు పడవ అంచున వంగి, తలపై దుప్పటిని, గడ్డిని కప్పుకొని, ఆ నీడలో నీటి లోపలికి చూస్తూ బల్లెంతో చేపలు పడతారు. ప్రపంచానికి రెండు చివరల ఉన్న మనుషులు ఒకే భౌతిక సూత్రాన్ని ఎవరి చలిలో వారు కనుగొన్నారు.

గుడిసెలోని రంధ్రం గాలం వేసేవారి రంధ్రంలా జానెడు వెడల్పు ఉంటే సరిపోదు. పైక్ వేటకు చిన్న బల్లంత రంధ్రం కోస్తారు. విన్నెబేగోలో స్టర్జన్ కోసం 48 చదరపు అడుగుల వరకు కోయడానికి నిబంధనలు అనుమతిస్తాయి. అది ఒక చిన్న గది నేలతో సమానం. రంపంతో కోసేటప్పుడు పై అంచు కంటే కింది అంచు వెడల్పుగా ఉండేలా వాలుగా కోస్తారు. అలా చేస్తే కోసిన గడ్డను కిందికి నొక్కి, మంచు పలక అడుగుకు తోసేయడం తేలిక. చూపు కూడా మరికొంత దూరం పారుతుంది.

నీరు చేసే మోసం

మత్స్యయంత్రాన్ని కొట్టిన అర్జునుడు నీటిలోని ప్రతిబింబాన్ని చూసి పైనున్న చేపను కొట్టాడని కథ. అది పరావర్తనం. మంచు గుడిసెలో కూర్చున్నవారికి ఎదురయ్యేది వక్రీభవనం. పాఠశాలలో గిన్నె అడుగున నాణెం ఉంచి, నీళ్లు పోసి, అది పైకి లేచినట్టు చూపించే ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడా అదే జరుగుతుంది.

నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. దీనివల్ల నిట్టనిలువుగా చూసినప్పుడు లోతు అసలు ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. అంటే 4 మీటర్ల లోతున ఉన్న చేప 3 మీటర్లలోనే ఉన్నట్టు తోస్తుంది. ఇది పెద్ద ఇబ్బంది కాదు. చేప సరిగ్గా కింద ఉంటే దాని లోతు మాత్రమే తప్పుగా కనిపిస్తుంది. దిశ మారదు. నిలువుగా వదిలిన బల్లెం దాని మీదికే వెళుతుంది.

ఏటవాలుగా చూసినప్పుడే చిక్కు వస్తుంది. నిలువు గీతకు 30 డిగ్రీల కోణంలో చూస్తున్నారని అనుకుందాం. ఆ చూపు నీటిలోకి ప్రవేశించగానే వంగి, దాదాపు 22 డిగ్రీల కోణంలో సాగుతుంది. చేప 3 మీటర్ల లోతున ఉంటే, కంటికి కనిపించిన దిశలోనే విసిరిన బల్లెం ఆ లోతుకు చేరేసరికి చేపకు సుమారు అర మీటరు అవతల ఉంటుంది. అంటే చేప మీదుగా దూసుకుపోతుంది. పైక్ వెన్ను వెడల్పు ఒక అరచేతి కంటే తక్కువ అని గుర్తుంచుకుంటే, ఈ అర మీటరు ఎంత పెద్దదో తెలుస్తుంది.

కనిపించిన చోటు కంటే కిందికి గురిపెట్టి ఈ తేడాను సరిచేయవచ్చు. ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవారు అలా చేస్తారు కూడా. కొత్తవారికి చెప్పే నియమం మాత్రం ఒక్కటే: చేప సరిగ్గా కిందికి వచ్చేవరకు బల్లెం వదలకూడదు. ఏటవాలు దెబ్బ తప్పిపోతే కేవలం చేప దక్కకపోవడమే కాదు. అది తోక వైపునో, పొట్ట పక్కనో తగిలితే గాయపడిన చేప మంచు కిందికి వెళ్లిపోయి చచ్చిపోతుంది. అది ఏ లెక్కలోకీ రాదు, ఎవరి పళ్లెంలోకీ రాదు.

విసరడం కాదు, వదలడం

ఈ వేటలో వాడే బల్లెం ఒంటి మొనది కాదు. ఇనుప కాడకు అడ్డంగా ఒక పట్టీ, దానికి దువ్వెన పళ్లలా వరుసగా ఐదు నుంచి తొమ్మిది వరకు మొనలు ఉంటాయి. గుచ్చుకున్న చేప జారిపోకుండా మొనలకు గాలపు ముల్లు వంటి ముళ్లు ఉంటాయి. బల్లెం కొన్ని కిలోల బరువు తూగుతుంది. పైభాగానికి తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను గుడిసెకు కట్టేస్తారు. బల్లెం ఇంత బరువుగా ఉండడానికి కారణం ఉంది. దాన్ని కిందికి తీసుకువెళ్లవలసింది చేతి బలం కాదు, దాని సొంత బరువు.

చేప కనిపించిన తర్వాత జరగవలసిన పని ఇలా ఉంటుంది. మొదట కదలిక మానాలి. కాలు కదిపితే మంచు మీద చప్పుడు అవుతుంది, ఆ చప్పుడు నేరుగా నీటిలోకి పోతుంది. రంధ్రం అంచుకు ఆనించిన బల్లెాన్ని మెల్లగా అందుకొని, మొనలను ముందుగానే నీటిలోకి దించాలి. గాలిలో నుంచి విసిరితే మొనలు నీటిని తాకగానే చప్పుడవుతుంది, అలలు లేచి చూపు చెదురుతుంది, అప్పటికే చేప ఉలిక్కిపడి మాయమవుతుంది. నీటిలో ఉన్న బల్లెానికి ఆ ఇబ్బంది లేదు.

మొనల వరుస చేప వెన్నుకు అడ్డంగా ఉండేలా కాడను తిప్పుకోవడం తర్వాతి పని. వరుస వెన్నుకు సమాంతరంగా ఉంటే రెండు వేళ్ల తేడాతో మొత్తం దెబ్బ పక్కకు పోతుంది. అడ్డంగా ఉంటే అంత తేడా వచ్చినా ఒకటి రెండు మొనలు దిగుతాయి. గురి పెట్టవలసింది తలకు వెనుక, మెడ భాగంపై. వెన్నెముక అక్కడ తెగితే చేప వెంటనే కదలిక కోల్పోతుంది. తినే కండ కూడా పాడవదు.

ఆ తర్వాత బల్లెాన్ని సూటిగా కిందికి, స్వల్పమైన ఊపుతో వదలాలి. దెబ్బ తగిలిన వెంటనే తాడు లాగడం కొత్తవారు చేసే పొరపాటు. లోతు తక్కువైతే చేపను అడుగు నేలకు అదిమి ఉంచి, పెనుగులాట తగ్గాక నిదానంగా పైకి తీస్తారు. స్టర్జన్ విషయంలో ఇది కుదరదు. విన్నెబేగోలో 2010లో దొరికిన ఒక స్టర్జన్ 212.2 పౌండ్లు, అంటే 96 కిలోలకు పైగా తూగింది. అలాంటి చేప కాడ పట్టుకున్న మనిషిని కూడా రంధ్రంలోకి లాగగలదు. అందుకే స్టర్జన్ బల్లెాలకు తల భాగం కాడ నుంచి ఊడివచ్చేలా ఉంటుంది. చేప తాడుతో ఉన్న తలను మాత్రమే తీసుకుపోతుంది. వేటగాడు తాడును వదులుతూ, బిగిస్తూ దాన్ని అలసిపోనిచ్చి, కొక్కెం సాయంతో పైకి తీస్తాడు.

కొయ్య చేప పిలుపు

చేపను సరిగ్గా కిందికి రప్పించేది కొయ్యతో చెక్కిన బొమ్మ చేప. దాని పొట్ట తొలిచి సీసం నింపుతారు. రేకుతో రెక్కలు, తోక అమరుస్తారు. దారం లాగి వదిలితే అది నిజం చేపలా గుండ్రంగా ఈదుతుంది. రెక్కలను ఎంత వంచితే ఎంత వలయం తిరుగుతుందో చూసుకొని సరిచేసుకోవడం దానికదే ఒక విద్య.

పైక్ కొన్నిసార్లు బాణంలా వచ్చి బొమ్మను కరిచి పోతుంది. ఎక్కువసార్లు నీడలా వచ్చి రంధ్రం అంచున ఆగి చూస్తుంది. అప్పుడు బొమ్మ ఆటను తగ్గించి, దాన్ని మెల్లగా రంధ్రం మధ్యకు తెస్తే, చేప కూడా దాని వెంటే జరుగుతుంది. ఒక చేత్తో దారం, రెండో చేత్తో బల్లెం. ఈ రెండు చేతుల పొందిక ఒక శీతకాలంలో వచ్చేది కాదు.

ఎంత పొడవు? ఏ చేప?

మిన్నెసోటా నిబంధనలు ఈ విద్యను మరింత కఠినం చేస్తాయి. అక్కడ చీకటి గుడిసె నుంచి పైక్‌ను పొడవవచ్చు కానీ, దాని దగ్గరి బంధువైన మస్కలంజ్‌ను పొడవకూడదు. పక్క నుంచి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలుస్తుంది. పైక్ ముదురు ఒంటిపై లేత మచ్చలు ఉంటాయి, మస్కలంజ్ లేత ఒంటిపై ముదురు చారలో మచ్చలో ఉంటాయి. గుడిసెలోని మనిషికి కనిపించేది వెన్ను మాత్రమే. అందుకే తోకను చూడమంటారు. పైక్ తోక కొసలు గుండ్రంగా, మస్కలంజ్‌వి మొనదేలి ఉంటాయి. అనుమానం ఉంటే బల్లెం కదపకూడదు.

పొడవు సంగతి ఇంకా చిక్కైనది. 2018 నుంచి మిన్నెసోటాను పైక్ విషయంలో మూడు మండలాలుగా విభజించి, వేర్వేరు పరిమితులు పెట్టారు. ఉత్తర మధ్య మండలంలో 22 నుంచి 26 అంగుళాల మధ్య ఉన్న చేపలకు రక్షణ ఉంది. బల్లెం వేటగాళ్లకు అందులో స్వల్ప వెసులుబాటు ఇచ్చినప్పటికీ, నీటిలో ఈదుతున్న చేపను చూసి నాలుగు అంగుళాల తేడా కనిపెట్టవలసిన బాధ్యత తప్పదు. విన్నెబేగోలో స్టర్జన్‌కు కనీస పొడవు 36 అంగుళాలు.

దీనికి వేటగాళ్లు కనిపెట్టిన మార్గం, తెలిసిన పొడవున్న తెల్లని గొట్టాన్ని రంధ్రం కింద నేలపై ఉంచి, దానితో చేపను పోల్చడం. తెల్లని నేపథ్యంపై చేప నీడ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. చేప అడుగునే ఈదుతుంటే పోలిక సరిపోతుంది. నేల నుంచి పైకి లేచి కంటికి దగ్గరగా వస్తే, అదే చేప గొట్టం కంటే పొడవుగా కనిపిస్తుంది. పైగా నీటిలోని వస్తువు అసలు దూరం కంటే దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది కాబట్టి, కంటి అంచనా ఎప్పుడూ పెద్దది చేసి చూపడానికే మొగ్గుతుంది. చిన్న చేపను పెద్దదిగా భ్రమించి పొడిచే ప్రమాదం అక్కడే ఉంది.

మంచు ఎంత మందం ఉండాలి?

మిన్నెసోటా సహజ వనరుల విభాగం సూచన ప్రకారం మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల మందం ఉన్న, కొత్తగా గడ్డకట్టిన, స్వచ్ఛమైన మంచు కావాలి. కార్లు, ట్రక్కులకు దీనికి రెండు మూడు రెట్లు అవసరం. తెల్లగా, పాల రంగులో ఉన్న మంచు బలం తక్కువ. ఒకచోట అడుగు మందం ఉన్న సరస్సులోనే పది అడుగుల అవతల ప్రవాహం వల్ల పలుచబడి ఉండవచ్చు. కాబట్టి అనుభవం ఉన్నవారు పలుగు వంటి ఇనుప కడ్డీతో ముందు కొట్టి చూస్తూ నడుస్తారు. విన్నెబేగోలో స్థానిక సంఘాలు మంచు దారులకు గుర్తులుగా వాడేసిన క్రిస్మస్ చెట్లను పాతుతాయి, పగుళ్లపై తాత్కాలిక వంతెనలు వేస్తాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ హెచ్చరిక దూరపు విషయం కాదు. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సుపై మంచు విరిగి, ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు సహా ముగ్గురు మరణించారు. వారు వేటకు వెళ్లినవారు కారు. గడ్డకట్టిన నీరు పుట్టి పెరిగిన చోట లేనివారికి, దాని నమ్మకద్రోహం కంటికి ఆనదు.

వేటగాళ్లకు మరో రెండు ప్రమాదాలు ఉన్నాయి. మూసిన గుడిసెలో గ్యాస్ హీటర్ వాడితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది. గాలి ఆడేందుకు పైనా కిందా సందు వదలాలి. రెండోది, వేట ముగించి గుడిసె తీసేశాక మిగిలే పెద్ద రంధ్రం. రాత్రికి దానిపై పలుచని పొర కట్టి, మీద మంచు కురిస్తే తెల్లారి అక్కడ గొయ్యి ఉన్నట్టే తెలియదు. దానికి గుర్తు పెట్టి రావడం ఈ విద్యలో మొదటి మర్యాద.

ఎవరి విద్య ఇది?

చీకటి గుడిసె, కొయ్య చేప, బల్లెం. ఈ మూడూ యూరోపియన్లు తెచ్చినవి కావు. మహా సరస్సుల ప్రాంతంలోని ఓజిబ్వే తదితర ఆదివాసీ జాతులు వారి రాకకు ముందే మంచులో రంధ్రం చేసి, కర్రలపై కప్పిన తోళ్ల కింద బోర్లా పడుకొని, కొయ్య చేపను ఆడిస్తూ వేటాడేవి. విస్కాన్సిన్‌లో ఓజిబ్వేలు నివసించే లాక్ డు ఫ్లాంబో అనే ఊరి పేరుకు ఫ్రెంచిలో కాగడాల సరస్సు అని అర్థం. మంచు లేని కాలంలో వారు రాత్రిళ్లు కాగడాల వెలుగులో చేపలను పొడవడం చూసిన ఫ్రెంచివారు పెట్టిన పేరది. అక్కడి కొయ్య చేపలు నేడు కళాఖండాలుగా అమ్ముడవుతున్నాయి.

ఆ విద్యను వాడుకునే హక్కు కోసం మాత్రం ఓజిబ్వేలు కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 1837, 1842 ఒప్పందాలలో భూమిని వదులుకుంటూ వారు వేట, చేపల హక్కులను తమ వద్దే ఉంచుకున్నారు. వాటిని 1983లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు విస్కాన్సిన్‌లో గుర్తించింది. ఆ దశాబ్దం చివర, వసంతంలో బల్లెాలతో పడవలు దించిన ఓజిబ్వేలపై రేవుల వద్ద రాళ్లు పడ్డాయి, జాతి దూషణలు వినిపించాయి. 1999లో మిన్నెసోటాకు సంబంధించిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ హక్కులు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది.

స్టర్జన్‌కు ఎందుకంత లెక్క?

ఆడ స్టర్జన్ మొదటిసారి గుడ్లు పెట్టడానికి 20 ఏళ్లకు పైగా పడుతుంది. ఆ తర్వాత కూడా ఏటా పెట్టదు, కొన్నేళ్లకు ఒకసారే. నూరేళ్లు బతికినవీ ఉన్నాయి. ఇలాంటి జీవిలో పెద్ద ఆడ చేపలు ఎక్కువగా పోతే, ఆ లోటు ఒక తరం మనుషుల కాలంలో కూడా తీరదు. 19వ శతాబ్దం చివర గుడ్ల కోసం, మాంసం కోసం విచ్చలవిడిగా పట్టడంతో మహా సరస్సులలో అదే జరిగింది. విస్కాన్సిన్ 1915లో స్టర్జన్ వేటను నిషేధించి, 1932లో విన్నెబేగోలో బల్లెం వేటకు మళ్లీ అనుమతి ఇచ్చింది.

నీటిలో ఉన్న చేప ఆడదో మగదో ఎంత నిపుణుడికైనా తెలియదు. ఒక్కొక్క వేటగాడి విచక్షణతో తీరని ఈ సమస్యను అధికారులు మొత్తం లెక్కతో తీర్చుతారు. పెద్ద ఆడ చేపలు, ఎదగని ఆడ చేపలు, మగ చేపలు అని మూడు విభాగాలుగా పరిమితులు నిర్ణయిస్తారు. ఎదిగిన చేపల సంఖ్యలో సుమారు 5 శాతానికి మించి పట్టకూడదన్నది దాని వెనుక ఉన్న సూత్రం. ఏ విభాగం నిండినా వేట ముగుస్తుంది. లేకుంటే 16 రోజులు సాగుతుంది. స్టర్జన్ సంఖ్య బాగా తక్కువగా ఉన్న మిషిగన్‌లోని బ్లాక్ లేక్‌లో అనుమతించే చేపలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అక్కడ కొన్నేళ్లలో సీజన్ గంట కూడా గడవకముందే ముగిసిపోయింది.

బల్లెం వేటపై అభ్యంతరాలు లేకపోలేదు. బతికించి వదలడానికి వీలులేని పద్ధతి పెద్ద చేపలనే ఏరి తీసేస్తుందని గాలం వేటగాళ్లలో కొందరు వాదిస్తారు. సీజన్, లైసెన్స్, పరిమితి ఉన్నంతవరకు చేప ఏ పద్ధతిలో పోయినా లెక్క ఒకటేనని బల్లెం వేటగాళ్లు బదులిస్తారు. విన్నెబేగో వరకు చూస్తే రెండో వాదనకే బలం ఎక్కువ. అక్కడి స్టర్జన్ సంతతి ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి, అది ఈ వేట సాగుతుండగానే నిలబడింది.

ఇప్పుడు ఆ లెక్కను తారుమారు చేస్తున్నది వాతావరణం. 2023-24 శీతకాలం మిన్నెసోటా చరిత్రలోనే అత్యంత వెచ్చనిది. పలుచని మంచు వల్ల విన్నెబేగోలోనూ చాలామంది తమ గుడిసెలను సరస్సు మధ్యకు తీసుకువెళ్లలేకపోయారు.

విన్నెబేగోలో స్టర్జన్ దొరికినవారు దాన్ని నేరుగా ఇంటికి తీసుకుపోవడానికి లేదు. అదే రోజు మధ్యాహ్నం 2 గంటలలోగా నమోదు కేంద్రానికి చేర్చాలి. అక్కడ సిబ్బంది పొడవు కొలిచి, తూకం వేసి, ఆడదా మగదా తేల్చి, ఆ రోజు మొత్తాన్ని పరిమితులతో సరిపోల్చుతారు. మర్నాడు వేట ఉంటుందా లేదా అన్నది ఆ లెక్కను బట్టే తేలుతుంది.